ఫ్రూమా కథల్లో ఎవరున్నారు?

ఆ గురువారం పొద్దున ఫ్రూమా అనుకున్న పనులు పెద్దవేమీ కావు. టీ తాగడం, సాయంత్రం లైబ్రరీలో ఇవ్వాల్సిన ఉపన్యాసం ఒకసారి చదువుకోవడం, మంచి గౌను ఇస్త్రీ చేసుకోవడం. సముద్రం దాటి వలస వచ్చిన యూదులుండే విల్లా క్రెస్పో పేటలో, వాళ్ళ యిద్దిష్ భాషలో వచ్చే పత్రిక కోసం జనం ఇంకా ఎదురుచూసే రోజులవి. దర్జీలు కత్తెర పక్కన పెట్టి మరీ వారం వారం కథ చదివేవారు. ఆ కథ అయితే ఫ్రూమాది, లేకపోతే లాజర్ క్రుప్నిక్‌ది.

ఇద్దరికీ ఏళ్ళ తరబడి ఒకటే తగువు. రచయిత కిటికీ దగ్గర కూర్చుని చూసింది చూసినట్టు రాయాలనేది క్రుప్నిక్ వాదన. తానొక్క మనిషినీ కల్పించలేదని కాఫీ హోటల్లో బల్ల గుద్ది చెప్పేవాడు. చూసింది రాసేవాడు గుమాస్తా అని, లేని మనిషిని ఉన్నట్టు నమ్మించేవాడే రచయిత అని ఫ్రూమా అనేది. ఆ సాయంత్రం ఒకే వేదిక మీద ఇద్దరూ ఈ సంగతి తేల్చుకోవాలి.

ఆమె ఉపన్యాసం భర్త బెరిల్‌కి చదివి వినిపించింది. టోపీలు కుట్టే బెరిల్ సగం విని, గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాడు. కథల్లో మనుషులు ఎక్కణ్ణుంచి వస్తారో ఫ్రూమా ఇవాళ చెప్పబోతోందని మంగలి షాపులో గొప్పగా చెప్పాడు. ఆ మాట రొట్టెల కొట్టుకు చేరేసరికి, ఏ పాత్ర ఎవరో చెప్పేస్తుందట అని మారింది. వీధి చివరికి వెళ్ళేసరికి పేర్లు, ఇంటి నంబర్లతో సహా చదువుతుందట.

మధ్యాహ్నం మాంసం కొట్టు ఫైవిష్ ఓ కోడిని పట్టుకుని వచ్చాడు. ఫ్రూమా కథల్లో ఒకదాంట్లో, మాంసంతో పాటు బొటనవేలు కూడా తూచే కొట్టువాడున్నాడు.

"అక్కా, మనం ఎన్నాళ్ళ నుంచో ఎరిగినవాళ్ళం" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అది నువ్వు కాదు ఫైవిష్. వాణ్ణి నేనే పుట్టించాను."

"సాయంత్రం కూడా ఆ మాటే అను, చాలు."

కోడిని వెనక్కి ఇవ్వబోతే, సరిపోలేదేమో అనుకుని అతను వెళ్ళి ఇంకోటి పంపించాడు. ఆ తర్వాత బడిపంతులు జాడీడు దోసకాయ ఊరగాయతో వచ్చి, తానెవరితోనూ లేచిపోలేదని మర్యాదగా విన్నవించుకున్నాడు. సాయంత్రానికి వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు.

క్రుప్నిక్ పరిస్థితి ఇంకా అధ్వాన్నం. అన్నీ నిజాలేనని ఇన్నేళ్ళూ చాటుకున్నవాడు కదా. అతని కథలోని విగ్గు మనిషి తానేనని ఒక మేజోళ్ళ వ్యాపారి ఇద్దరు తమ్ముళ్ళను వెంటేసుకుని లైబ్రరీ గుమ్మంలో కాచుకున్నాడు. క్రుప్నిక్ దొడ్డిదారిన లోపలికొచ్చాడు.

మామూలుగా డజను మంది వస్తే అందులో సగం మంది కునికే ఆ హాల్లో ఆ రోజు మెట్ల మీద కూడా జనమే. ముందు క్రుప్నిక్ లేచాడు. మొదటి వరసలో కూర్చున్న ముగ్గురు అన్నదమ్ములను చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నా కథల్లో ఒక్క మనిషీ నిజం కాదు" అన్నాడు. "ఆ కిటికీ కూడా అబద్ధమే. మా ఇంటికి ఆ వైపు గోడే ఉంది."

అది ఫ్రూమా చెప్పాల్సిన మాట. చేసేది లేక ఆమె కూడా అదే చదివింది. తన పాత్రలన్నీ ఊహే, ఎవరూ భయపడనక్కర్లేదు అంది. హమ్మయ్య అనుకుంటారనుకుంటే, ఒక్కొక్కరి మొహమే వాడిపోతూ వచ్చింది. వెనక వరసలోంచి ముసలి ద్వోయిరా కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"అమ్మాయ్, ఏటి గట్టున మజ్జిగ అమ్మే ఆవిడ గురించి రాశావే. తలగుడ్డ కింద నుంచి ఎర్రజుట్టు జారేది. డబ్బుల్లేని పిల్లలకు ఊరికే పోసేది. ఆవిడ మా అమ్మ కాదూ?"

ఆ మజ్జిగావిడ, ఫ్రూమా ఓసారి ట్రాము స్టాపులో చలికి వణుకుతూ నిలబడ్డప్పుడు ఊహలో తట్టిన మనిషి. ద్వోయిరా పుట్టిన ఊళ్ళో యుద్ధం ఎవర్నీ మిగల్చలేదు. తల్లి ఫొటో ఒక్కటీ ఆమె దగ్గర లేదు. ఫ్రూమా ఉపన్యాసం కాగితాలు మడిచి చేతిసంచీలో పెట్టేసింది.

"మీ అమ్మగారేనమ్మా. ఓసారి టీ తాగుతూ మీరే చెప్పారు. మర్చిపోయినట్టున్నారు."

"అనుకున్నాను" అంటూ ద్వోయిరా కూర్చుంది. "జుట్టు సరిగ్గా అలాగే ఉండేది" అని పక్కావిడకు చెప్పింది.

ఇక ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. చెవిటి ఫిడేలువాడు మా బాబాయేనా అని ఒకరు, ప్రార్థన మధ్యలో నిద్రపోయేది మా తాతేనా అని ఇంకొకరు. అవును, అవును అంటూ ఫ్రూమా తన మనుషులందరినీ పంచిపెట్టేసింది. ఎన్నాళ్ళుగానో ఎవరూ పలకని ఊళ్ళ పేర్లు ఆ హాల్లో వినిపించాయి. ఏటికి ఏ ఒడ్డున సంత జరిగేదో అన్న విషయం మీద రెండు వరసలు పోట్లాడుకున్నాయి. మేజోళ్ళ వ్యాపారి తమ్ముళ్ళలో ఒకడు కళ్ళు తుడుచుకోవడం అందరూ చూశారు. తన జీవితంలో ఇంత కల్పన ఒక్క సాయంత్రంలో ఎప్పుడూ చేయలేదని ఫ్రూమాకు అనిపించింది. క్రుప్నిక్ మాత్రం ఆమెకేసి చూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

చివర్న ఫైవిష్ లేచాడు. ఆ మాంసం కొట్టువాడి సంగతేమిటని అడిగాడు. నువ్వు కాదని ఆమె మాట నిలబెట్టుకుంటే, పేటలో ఉన్నది తనదొక్కటే కొట్టయితే ఇంకెవరని అలిగి వెళ్ళిపోయాడు.

చలిలో కొర్రియెంతెస్ వీధి వెంట ఇంటికి నడుస్తూ బెరిల్, తాను ఏ కథలో ఉన్నాడని అడిగాడు.

"నిన్నొకసారి ఉన్నదున్నట్టు రాసి పంపాను" అంది ఫ్రూమా. "ఇలాంటి మనిషి ఎక్కడా ఉండడని ఎడిటరు తిప్పి పంపాడు."