ఎనిమిదో నట్టు మీద ఎర్ర గీత

"నేరస్తులు రెండే రకాలు బావా. నా చేతికి చిక్కినవాళ్ళు, నేనింకా వెతకడం మొదలుపెట్టనివాళ్ళు."

షెడ్డు గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని, వీధి వీధంతా వినపడేలా ఈ మాట ప్రకటించాడు భూతద్దం.

"మొదటి రకంలో ఎంతమంది తేలార్రా ఇప్పటికి?" అని అడిగాడు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ.

"ఆ రకం ఇంకా ప్రారంభం కాలేదు."

భూతద్దం మేస్త్రికి స్వయానా బావమరిది. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్ల రీడింగు రాసుకునే ఉద్యోగం. చిన్న అంకెలు కనపడక కొనుక్కున్న భూతద్దం అతన్ని డిటెక్టివును చేసింది, ఊరు అదే పేరు ఖాయం చేసింది. పోయిన ఏడాది ఒక మనిషి సంచీలో ఏదో దాచాడని మూడు వీధులు వెంబడించాడు. తీరా ఆ మనిషి పోస్టుమాన్, సంచీలోది భూతద్దానికి వచ్చిన ఉత్తరమే. సంతకం పెట్టి తీసుకుని, కేసు విజయవంతంగా ముగిసిందని నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఇవాళ అతన్ని పిలిపించింది అక్క, అంటే మేస్త్రి భార్య. కూతురు స్నేహితురాలి పెళ్ళి. పది గంటలకల్లా తల్లీకూతుళ్ళు కారులో బయల్దేరాలి. కొండ దారిలో రెండు గంటల ప్రయాణం, కూతురే నడుపుతుంది. పెళ్ళి కోసం కొన్న ఎర్ర గోళ్ళరంగు సీసా నిన్న సాయంత్రం నుంచి కనపడటం లేదు. అక్కడికి అదీ కేసు.

ఆ సీసా మేస్త్రి పనిబల్ల మీద, నూనె గుడ్డ కింద ఉంది.

అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే కారు సంగతి చెప్పాలి. కారు నేలకు దగ్గరగా, సోకుగా కనపడాలని కూతురు నెల రోజులు ప్రాణం తీస్తే, మేస్త్రి స్ప్రింగులు మార్చి నాలుగు వేళ్ళ ఎత్తు తగ్గించాడు. కారు దిగింది గాని వెనక చక్రాలు తిన్నగా నిలబడలేదు. నెత్తిన మూట ఉన్నవాడి కాళ్ళలా కింద బయటికి తన్నుకుని, పైన లోపలికి వాలాయి. అలా వదిలేస్తే టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి. అందుకని చక్రాన్ని పట్టి ఉంచే పాత ఆర్ములు తీసేసి, పొడవు సర్దుకోవడానికి వీలున్న కొత్తవి తెప్పించాడు. పక్కకి రెండు చొప్పున నాలుగు ఆర్ములు, ఎనిమిది బోల్టులు, ఎనిమిది నట్లు. పాత నట్లు బాగానే ఉన్నాయి కదా అని కూతురంటే మేస్త్రి ఒప్పుకోలేదు. ఈ రకం నట్టులో ప్లాస్టిక్ వలయం ఉంటుంది, ఒకసారి కరిచాక రెండోసారి ఆ పట్టు ఉండదు. పాతవి చెత్తబుట్టలో పారేసి కొత్తవి వేశాడు.

బిగించడంలో కూడా ఆయనకొక పద్ధతుంది. కారును ర్యాంపుల మీదికెక్కించి, దాని బరువు దాని చక్రాల మీద ఉండగానే ఆఖరి బిగింపు. లేకపోతే లోపలి రబ్బరు మెలిపడి చిరుగుతుంది. కొలత రెంచి సరైన బిగువు రాగానే 'టిక్' అంటుంది, అన్నాక, నట్టు మీంచి బోల్టు మీదికి ఒక గీత. నట్టు ఎప్పుడైనా కదిలిందంటే గీత విరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. పాతికేళ్ళుగా గీత గీయని నట్టు ఆయన షెడ్డు దాటలేదు.

నిన్న రంగు పెన్ను ఎండిపోయింది. కొట్టు మూసేశారు. ఇంట్లో అద్దం ముందు సీసా కనిపించింది. ఎనిమిదో నట్టు దగ్గర ఉండగా భార్య షెడ్డులోకి వచ్చి, అమ్మాయి సీసా చూశారా అని అడిగింది. మేస్త్రి కారు కిందనుంచి లేచి, సీసాను చాటుగా బల్ల మీది గుడ్డ కింద తోసి, లేదన్నాడు. ఆయన తప్పు కాదు. పోయినసారి కాఫీ వడకట్టే జల్లెడతో ఇంజనాయిలు వడకట్టినప్పుడు, ఇంకోసారి ఇంట్లో వస్తువు షెడ్డులో కనపడితే మీ పడక కూడా షెడ్డులోనే అని ఆవిడ ప్రమాణం చేసింది.

రోజూ పొద్దున షెడ్డు తెరవగానే దేవుడి పటానికి దణ్ణం పెట్టి, నేను బిగించింది నువ్వు నిలబెట్టు స్వామీ అనుకోవడం ఆయన అలవాటు. ఇవాళ పటం వంక చూడలేక గోడకి దణ్ణం పెట్టాడు. గోళ్ళరంగంత అబద్ధం కూడా అబద్ధాల కిందికే వస్తుందా అని ఒక అనుమానం. స్వామి జవాబు చెప్పలేదు. బావమరిదిని పంపాడు.

భూతద్దం దర్యాప్తు మొదలుపెట్టాడు. పనిబల్ల దగ్గరికి వచ్చి సరిగ్గా నూనె గుడ్డ మీదే మోచెయ్యి ఆనించి ఆలోచనలో పడ్డాడు.

"ఇక్కడ ఏదో ఉంది బావా. నా మోచెయ్యి చెబుతోంది."

"మోచేతికి నూనె అంటుతుంది, తియ్యి."

తీశాడు. ఆధారం కోసం ర్యాంపుల మీదున్న కారు కిందికి దూరాడు. తల, భుజాలు వెళ్ళాయి గాని పొట్ట దగ్గర కాసేపు చర్చ జరిగింది. కిందనుంచి ఒక గావుకేక. ఆ వెంటనే అక్కను, మేనకోడల్ని దూరంగా నిలబడమన్నాడు. కింద రక్తపు గీతలున్నాయట. ఒకటి కాదు, ఎనిమిది. ఏదో ముఠా తను చంపబోయేవాళ్ళను లెక్క పెట్టుకుంటోందని తేల్చాడు.

గోళ్ళరంగు వెతకరా అంటే ఈ చంపడాలేమిట్రా అని అక్క విసుక్కుంది. భూతద్దం వినలేదు. రక్తం నమూనా పరీక్షకు పంపాలన్నాడు. మేనకోడలి చేతి పెట్టెలోంచి దూది, గోళ్ళరంగు తుడిచే మందు తీసుకున్నాడు. మేస్త్రి వద్దనేలోపే ఎనిమిది గీతలూ శుభ్రంగా తుడిచి, దూదిని అగ్గిపెట్టెలో పెట్టుకుని బయటికొచ్చాడు. రక్తం మామూలుగా ఇంత తేలిగ్గా రాదనీ, హంతకుడు ఎవడో గాని చాలా నాజూకు మనిషనీ చెప్పాడు.

మేస్త్రి గడియారం వంక చూశాడు. గంట తొమ్మిదిన్నర.

సామాను సర్దేశారు. కూతురు తాళాలు తిప్పుతూ నిలబడింది. "నాన్నా, గీతలేగా పోయింది. నట్లు నువ్వు నిన్నే బిగించావు. మేం వెళ్తాం."

మాట నిజమే. బిగించాడు. పటం వంక చూడబోయి మళ్ళీ చూడలేకపోయాడు. కొండ దారిలో మలుపులెన్నో మనసులోనే లెక్కపెట్టుకున్నాడు.

"గీత లేని నట్టు నేను బిగించని నట్టేనమ్మా. పావుగంట ఆగు."

రెంచి తీసుకుని కిందికి దూరాడు. మొదటి నట్టు, టిక్. రెండోది, టిక్. మూడు, నాలుగు, అయిదు. పైనుంచి భార్య పెళ్ళి ముహూర్తం గురించి ఏదో అంటోంది. ఆరు, ఏడు, టిక్, టిక్.

ఎనిమిదో నట్టుకు రెంచి తగిలించి లాగాడు. టిక్ అనలేదు. నట్టు తిరిగింది. ఇంకొంచెం లాగాడు, ఇంకా తిరిగింది. రెంచి తీసి వేళ్ళతో పట్టుకున్నాడు. ఆర్ము బోల్టు మీద గలగలా కదిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న ఏడు నట్లకూ బిగించాక గీశాడు. బ్రష్షు మీద రంగు ఆరిపోతుందని ఎనిమిదోదానికి మాత్రం ముందే గీసేశాడు, బిగింపు తర్వాత చేద్దామని. అంతలో భార్య వచ్చింది. అబద్ధం చెప్పిన తత్తరపాటులో రెంచి సంగతి మరిచాడు. తర్వాత చూస్తే గీత చక్కగా, నిండుగా కనిపించింది. తన గీతను తనే నమ్మాడు.

టిక్కులు ఆగిపోయాయి. కూతురు వంగి, ఏమైంది నాన్నా అని అడిగితే సమాధానంగా రెంచి గట్టిగా లాగాడు. టిక్.

బయటికొచ్చి నూనె గుడ్డ ఎత్తి, సీసా తీసి భార్య చేతిలో పెట్టాడు. నిన్న లేదని చెప్పింది అబద్ధమనీ, ఆ అబద్ధం చెబుతూ ఒక నట్టు వదిలేశాననీ, ఆ నట్టుతో మీరిద్దరూ కొండ ఎక్కేవాళ్ళనీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఆవిడ సీసా వంక చూసింది, కారు వంక చూసింది, ఆయన చేతుల వంక చూసింది. ఒక చేతిలో ఇంకా రెంచి ఉంది.

"గీతలు గీసి ఇవ్వండి" అంది నెమ్మదిగా. "తర్వాత మిగిలితే దానికిద్దాం."

మిగల్లేదు. కూతురికి బొటనవేలికి సరిపోయింది. అదీ ఒకే చేతికి.

కారు మలుపు తిరిగాక మేస్త్రి లోపలికొచ్చి పటం ముందు నిలబడి, ఈసారి కళ్ళెత్తి చూశాడు. హెచ్చరించాలనుకుంటే స్వామికి ఇంతకంటే మంచి దూత దొరకలేదా అని ఒక్క క్షణం అనిపించింది. దొరికే ఉంటాడు. కాని బుద్ధున్నవాడెవడూ ఆ గీతలు తుడిచేవాడు కాదు. రెండు చేతులూ జోడించాడు. పటం కిందే భూతద్దం కూర్చుని నోటుబుక్కు రాసుకుంటున్నాడు కాబట్టి దణ్ణం ఎవరికి చేరిందో చెప్పడం కష్టం.

"నాకు మొదటినుంచీ అనుమానమే బావా" అన్నాడు భూతద్దం, పుస్తకం తిప్పి పెడుతూ. "ఇక్కడ సంతకం పెట్టు."

"ఏమిట్రా ఇది?"

"మొదటి రకం ప్రారంభమైంది."

మేస్త్రి పెన్ను తీసుకుని, తన పేరు పక్కన ఒక నిలువు గీత కూడా గీసి ఇచ్చాడు.