యాభై రాష్ట్రాలూ మా మండలమూ

"అమెరికాలో యాభై రాష్ట్రాలున్నాయి. ఆ యాభైంటికన్నా మన మండలమే భద్రమైన చోటని లెక్కలతో సహా నిరూపిస్తున్నాం" అని మండల ప్రశాంతతా కమిటీ ఛైర్మన్ ధనుంజయరావు గారు నరసరావుపేటలో ప్రెస్ మీట్ పెట్టి మరీ ప్రకటించారు. అటొకరు ఇటొకరు గన్‌మన్లు తుపాకులు పట్టుకుని నిలబడి ఉండగా, ప్రశాంతత ఎలా ఉంటుందో విలేకర్లు కళ్ళారా చూశారు.

లెక్కలు తీసే భాగ్యం మండలాఫీసులో గణాంకాధికారి యోబుకు దక్కింది. యోబు స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ, ఫస్టు క్లాసు. ఆ చదువుతో ఇరవై ఏళ్ళుగా ఆఫీసు పెరట్లో ఎంత వాన పడిందో కొలిచి రాస్తున్నాడు. అమెరికా అనేసరికి ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకు తన చదువుకు తగ్గ పని దొరికిందని ఇంట్లో పాయసం వండించుకున్నాడు. తన తెలివి మీద తనకున్న గౌరవం అలాంటిది.

ఇంటర్నెట్‌లో చూస్తే, అక్కడివాళ్ళు కొట్లాటలు, దోపిడీలు, హత్యలు లక్ష జనాభాకు ఇన్నని రాష్ట్రాలవారీగా రాసిపెట్టుకున్నారు. మెయిన్ అనే రాష్ట్రంలో బాగా తక్కువ. మన పోలీస్ స్టేషన్ రిజిస్టర్లో అసలే లేవు. తల పగిలినవాళ్ళు జారిపడ్డారు. చెయ్యి విరిగినవాళ్ళూ జారిపడ్డారు. కొట్టినవాణ్ణీ తిన్నవాణ్ణీ కూర్చోబెట్టి రాజీ చేసి, దెబ్బ తిన్నవాడి చేత 'జారిపడ్డాను' అని రాయించుకోవడం ఇక్కడి పద్ధతి. ఏడాదిలో నలభై ఒక్కమంది జారిపడ్డారు. అమెరికా జనానికి జారిపడే అలవాటు లేదు కాబోలనుకుని, యోబు నేరాల గడిలో సున్నా వేశాడు.

ఆ నలభై ఒకటోవాడు ఆదినారాయణ. ఛైర్మన్ గారి కుడిభుజం కోటిబాబు తన పొలం హద్దున ఉన్న గట్టురాయిని ఆదినారాయణ పొలంలోకి జరిపాడు. ఇదేందని అడిగితే కర్రతో తల పగలగొట్టాడు. ఆదినారాయణ భార్య తిరుపతమ్మ ఆఫీసుకు వచ్చి యోబు బల్ల ముందు నిలబడింది.

"సారూ, కేసు రాయించు. కేసు లేకపోతే వాడు మమ్మల్ని పొలంలో దిగనియ్యడు. మిరప తోట ఎండిపోతంది."

"రాస్తే మెయిన్ రాష్ట్రం మనల్ని దాటిపోద్దమ్మా."

"ఆ రాష్ట్రమోళ్ళకి మా గట్టుతో ఏం పనయ్యా?"

యోబు చదువుకున్నవాడు గనక, జవాబు అందులోనే ఉన్నట్టు ఫైలు తిరగేశాడు.

జనం తాము భద్రంగా ఉన్నామనుకుంటున్నారా లేదా అన్నది రెండో లెక్క. అమెరికాలో నేరాలు తగ్గిన ఏడాది కూడా జనం భయంగానే ఉందంటారట. మనవాళ్ళు అంత పిరికివాళ్ళు కాదని తేల్చడానికి యోబు ఊళ్ళోకి సర్వేకి వెళ్ళాడు. దారి చూపడానికి కోటిబాబు కర్రతో సహా వెంట వచ్చాడు.

"ఒంటరిగా పొలానికి పోవాలంటే భయమా?" అని అరుగు మీద కూర్చున్న ముసలామె రాఘవమ్మను అడిగాడు.

ఆమె కోటిబాబు కర్ర వైపు చూసింది. "ఒంటరిగా ఎందుకు పోతాం నాయనా? పదిమందిమి కలిసే పోతాం."

'భయం లేదు' అని యోబు టిక్కు పెట్టాడు. ఊరంతా తిరిగితే నూటికి నూరు వచ్చింది.

పేపర్లో మొదటి పేజీలో వేశారు. ఛైర్మన్ గారు యోబుకు శాలువా కప్పారు. మూడోరోజు పైనుంచి ఆర్డరు వచ్చింది. యాభై రాష్ట్రాలకన్నా భద్రమైన చోట గన్‌మన్లు అనవసరం గనక ఇద్దర్నీ వెనక్కి పిలుస్తున్నామన్నారు.

"ఏంది యోబూ ఇది? గన్‌మన్లు లేకపోతే పెళ్ళిలో నన్ను ముందు వరసలో కూడా కూర్చోబెట్టరు."

"భద్రమని తమరే అన్నారు గదా సార్."

"జనానికి భద్రం. నాకు చానా ప్రమాదం. సాయంత్రానికల్లా నా మీద ఒక దాడి చూపించు."

యోబు తిరుపతమ్మ ఇంటికి పరుగెత్తాడు. కేసు రాస్తున్నారని చెబితే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గణాంకశాస్త్రం వల్ల పేదవాళ్ళకు మేలు జరగడం చూసి యోబుకు గుండె ఉప్పొంగింది. స్టేషన్లో ఆమె వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంది.

"కోటిబాబు పేరుందా సారూ?"

యోబు కాగితం చదివాడు. ఛైర్మన్ గారిని చంపడానికి గుర్తు తెలియని దుండగులు వచ్చారు. ఆదినారాయణ అడ్డుపడి దెబ్బ తిన్నాడు. కోటిబాబు ప్రత్యక్ష సాక్షి.

"ఉందమ్మా" అన్నాడు.

ఛైర్మన్ గారికి ఈసారి నలుగురు గన్‌మన్లు వచ్చారు. సాక్షికి ప్రాణభయం ఉంటుంది గనక కోటిబాబుకూ ఒకణ్ణి ఇచ్చారు. వారం తిరక్కుండా యోబు కొత్త సర్వే ఫారాలు పట్టుకుని పొలాల వైపు వెళ్ళాడు. జరిపిన గట్టురాయి మీద కోటిబాబు కూర్చుని ఉన్నాడు. పక్కన గన్‌మన్ నిలబడి ఉన్నాడు. దారిలో తిరుపతమ్మ, తలకు కట్టుతో ఆదినారాయణ వాడిపోయిన మిరప తోటను చూస్తున్నారు.

"కేసయింది గదా సారూ. మా ఆయన ఇప్పుడు పొలంలో దిగొచ్చా?"

యోబు రాయి వైపు చూశాడు. తుపాకీ వైపు చూశాడు. ఎమ్మెస్సీ, ఫస్టు క్లాసు.

"ఒంటరిగా వద్దులేమ్మా" అన్నాడు.