చేదు తీసిన జొన్న

"...ఒక్క ముక్క కత్తిరిస్తే చాలు, చేదు పోతుంది!" అంటోంది నక్క.

ఆ, రా, కూర్చో, ఇప్పుడే మొదలుపెట్టా. ఒక పెద్ద అడవిలో అన్నమాట, జంతువులన్నీ ఎర్రజొన్న పండించుకుని తినేవి. గట్టి గింజ, కాస్త చేదు. దాన్ని బాగుచెయ్యడానికి ఒక విత్తనాల ఆఫీసు పెట్టారు. నక్క డైరెక్టరు, ఏనుగు చైర్మను, తాబేలు గుమాస్తా. మీటింగులో ఎవరేమన్నా అక్షరం పోకుండా రాయడమే తాబేలు పని.

ఆ రోజు మీటింగులో వెనక వరసలో సుంకులమ్మ కూర్చునుంది. ముసలి కుందేలు. తల్లి లేని మనవలు ముగ్గురు, ఉన్నదల్లా అరెకరం చెలక.

"ముక్కంటే ఏంది నాయనా?" అని మెల్లగా అడిగింది.

"జన్యువు అవ్వా. గింజ లోపల రాత ఉంటుంది. ఎర్రగా ఉండు, చేదుగా ఉండు అని. ఆ చేదు రాత ఎక్కడుందో కనిపెట్టేశాం."

"అది ఎందుకుందో కూడా రాసుందా?"

నక్క నవ్వింది. "అది మా శాఖ కాదవ్వా."

నిజం చెప్పాలి, కోయడంలో తప్పేం లేదు. వెంట్రుకవాసి తేడా రాకుండా కోశారు. తియ్యటి గింజ వచ్చింది. ఇక రుచి చూసి మార్కులెయ్యడానికి కమిటీ కావాలి కదా. బాగా మాట్లాడతాయని మూడు చిలుకల్ని వేశారు.

"అబ్బబ్బ, పాయసమండీ!" అంది మొదటిది.

"వందకు వంద!" అంది రెండోది.

"అడవంతా ఇదే వేయించండి," అంది మూడోది, ముక్కు తుడుచుకుంటూ. "కోతకెప్పుడొస్తుంది?"

చిలుకలకి రైతులంటే ఎంత ప్రేమో అని ఏనుగు కళ్ళు చెమ్మగిల్లాయి. "రాసుకో తాబేలూ."

పాతది కలిస్తే కొత్తది చెడుతుందని, పాత విత్తనమంతా ఆఫీసులో అప్పగించాలని ఆర్డరొచ్చింది. సుంకులమ్మ గాదె ఊడ్చి ఇచ్చింది. ఒక్కటి తప్ప. ప్రతి కోతకీ మంచి కంకులు ఏరి, గుత్తికట్టి, పొయ్యి పైన దూలానికి వేలాడదీయడం వాళ్ళింటి పద్ధతి. పొగకి పురుగు పట్టదు. ప్రాణం పోతున్నా వాటిని వండరు.

నక్క తనిఖీకొచ్చి తలెత్తింది. "అదేంటవ్వా, నల్లగా?"

"దిష్టికి కట్టాను నాయనా."

నక్క సైన్సు చదివింది. దిష్టా, అని పకపకా నవ్వి, నాలుగడుగులు వెనక్కేసి వెళ్ళిపోయింది.

అడవంతా కొత్త జొన్నే వేశారు. కంకి పాలుపట్టగానే చిలుకలొచ్చాయి. ముందు కమిటీ, వెనక బంధుమిత్రులు. వారం తిరక్కుండా చేలల్లో చొప్ప మిగిలింది. నక్క రిపోర్టు రాసింది: 'రుచి పరీక్ష ఫలితం పొలంలో కూడా రుజువైంది.'

ఆ ఏడు సుంకులమ్మ మనవలు ఆకులుడికించిన నీళ్ళు తాగారు. చిన్నోడు దూలం వంక చూశాడు. "అవ్వా, అవి వండవా?"

"అవి మనవి కావురా, వచ్చే వానవి," అంది. కళ్ళు తుడుచుకుంటుంటే పిల్లలు చూశారు. పొగ అని చెప్పింది.

వాన పడగానే ఆ గుత్తే నలిపి చల్లింది. అడవిలో ఆ అరెకరమే ఎర్రగా నిలిచింది. చిలుకలొచ్చి ఒక గింజ కొరికి, థూ అని ఉమ్మేసి, మార్కులెయ్యకుండానే వెళ్ళిపోయాయి.

అది విని నక్క పరిగెత్తుకొచ్చింది. టెస్టుకని రెండు కంకులు తుంచుకుపోయింది. చూస్తే ఏముంది, తాము కోసి పారేసిన ముక్కే! దాన్ని మళ్ళీ అతికించి, చిలుకలు ముట్టని కొత్త రకం కనిపెట్టామని చాటించింది. దాని పేరు 'నక్క-2'.

పెద్ద సభ పెట్టారు. మొదటి సంచి అందుకోవడానికి సుంకులమ్మనే పిలిచి, శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. పాపం, సభలో నోరు పెగలదు. నేల చూస్తూ గొణిగినట్టు ఏదో అంది.

పక్కనున్న నక్కకీ, కాళ్ళ దగ్గర కూర్చుని రాసుకుంటున్న తాబేలుకీ తప్ప ఎవరికీ వినపడలేదు. నక్క గబగబా చప్పట్లు కొట్టేసింది. "మన కృషిని మెచ్చుకుందండీ!"

"ఆగవయ్యా," అంది ఏనుగు. "ఇంతింత చెవులున్నా నాకేం వినపడలా. తాబేలూ, అవ్వ ఏమందో చదువు."

తాబేలు నింపాదిగా లేచి, పేజీ తిప్పి, ఉన్నది ఉన్నట్టు చదివింది:

"అయ్యా, మీ కొత్త విత్తనం చానా బాగుంది. మా పొయ్యి మీద వేలాడినప్పుడు కూడా బాగానే ఉండేది."