సిద్దమ్మ నవ్వుకు కేటాయించిన స్థలం

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా విస్తరించిన భూభాగంలో ప్రతి ముఖానికీ ఒక నిర్ణీత వైశాల్యం ఉంటుంది. ఆ వైశాల్యాన్ని నిర్ణయించేది ముఖం కాదు. (ముఖాలకే ఆ స్వేచ్ఛ ఇస్తే ఫ్లెక్సీలకు ఊళ్లు చాలవు.)

ఈ సంగతి బొత్తిగా తెలియని మనిషి రావల్కోల్‌లో ఒకామె ఉంది. పేరు సిద్దమ్మ. అరవై దాటాక కూడా నాట్లకు కూలికి పోతుంది. ఆమె పాట ఎత్తుకుంటే పక్క మడిలో పరాయి రైతు కూలీలు కూడా ఆ పాట వేగానికే నాటేస్తారు. ఆ పాటలు ఎవరి ఫోన్లోనో రికార్డయి, ఊళ్లు దాటి, దూలపల్లి దగ్గర వెంచర్లు వేసే ప్రతాప్ చెవిన పడ్డాయి. ప్రతాప్ వచ్చే ఎన్నికల్లో నిలబడాలని తీర్మానించుకున్నాడు. ఏ ఎన్నికలన్నది ఇంకా తేలలేదు గానీ నిలబడటం మాత్రం ఖాయం. ప్రజాకళల మీద ప్రేమ పుట్టడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు కాబట్టి, కూలి పనిలో పాడుకునే ‘కైకిలి పాటలు’ పేరుతో ఆల్బం తీస్తానని ఆయన ప్రకటించాడు.

పెన్‌డ్రైవ్ డబ్బా మీదికీ, ఫోన్లో పాట మోగేటప్పుడు కనిపించడానికీ ఒక ముఖచిత్రం కావాలి. దానికి జోడీగా మాసపత్రికలో ఒక ప్రకటన కావాలి. ఆ పని మేడ్చల్‌లో డిజైన్ షాపు నడిపే శైలజకు అప్పగించారు. శైలజ స్వయంగా పొలానికి పోయి, మోచేతుల దాకా బురదతో, తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వుతున్న సిద్దమ్మను ఫోటో తీసింది. ముఖచిత్రం నిండా ఆ నవ్వే. కింద ఆల్బం పేరు, సిద్దమ్మ పేరు. అంతే.

షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని సిద్దమ్మ తనను తాను చాలాసేపు చూసుకుంది.

“ఓయమ్మో, గిది నేనేనా? ఉన్న పండ్లు, లేని పండ్లు అన్నీ కనవడుతున్నయి గదనే!”

“వేరేది పెట్టమంటవా అవ్వా?”

“వద్దు బిడ్డా, వద్దు. గిదే ఉండనియ్యి.”

అప్పటిదాకా ఆమెకున్న ఫోటోలు రెండే. ఒకటి ఆధార్ కార్డుది, ఇంకోటి ఉపాధి కూలి కార్డుది. (రెండింట్లోనూ నవ్వడం నిషేధం.)

ప్రతాప్ కూడా డిజైన్ చూసి ముగ్ధుడయ్యాడు. “మస్తుంది చెల్లె! ఓ మూలకు నా ఫోటో పెట్టు. సిన్నగ. నాకు గిసొంటియి ఇష్టముండవు, గని నిర్మాతనాయె.”

శైలజ పెట్టింది. అక్కడి నుంచి వ్యవహారం శాస్త్రీయంగా ముందుకు సాగింది. ప్రతాప్ ఫోటో ఉండి, పైన మండల నాయకుడి ఫోటో లేకపోతే దాన్ని తిరుగుబాటు అంటారు. మండల నాయకుడి పైన జిల్లా నాయకుడు లేకపోతే దాన్ని పార్టీ మారడం అంటారు. జిల్లా నాయకుడు ఒక్కడే ఉంటే, ఆయనకు పడని రెండో జిల్లా నాయకుడు అలుగుతాడు. ఇద్దరినీ పెడితే ఒకరి ముఖం ఇంకొకరి వైపు తిరిగి ఉండకూడదు. (తిరిగితే రాజీ కుదిరిందని వార్త.) ఒక్కో నాయకుడు వచ్చినప్పుడల్లా సిద్దమ్మ మర్యాదగా కొంచెం జరిగింది. చివరికి ప్రతాప్ నమస్కార ముద్రలో పెట్టిన మోచేతి వెనక ఆమె స్థిరపడింది. నవ్వులో ఎడమ సగం మిగిలింది.

ఇక ప్రకటన. ‘నలుదిక్కుల ముచ్చట’ మాసపత్రిక కార్యాలయంలో ప్రకటనలు చూసేది రాజారావు. ముఖచిత్రానికీ ప్రకటనకూ వెంట్రుకవాసి తేడా ఉండరాదన్నది ఆయన నియమం. ఒకదాంట్లో మారింది రెండోదాంట్లోనూ మారి తీరాలి. ఆ మేరకు ‘రూపసామ్య ధ్రువీకరణ’ ముద్ర వేసే అధికారాన్ని ఆయన తనకు తానే ఇచ్చుకున్నాడు.

“పాటల ప్రకటననా? అసొంటి కేటగిరీ లేదమ్మా” అన్నాడాయన శైలజతో. “పుట్టినరోజు, ప్లాట్లు, బడి అడ్మిషన్లు, శ్రద్ధాంజలి. గీ నాలుగే.”

“గిది పాట పాడినామెది సార్. ఆమె ఫోటోనే పెద్దగ రావాలె” అంటూ శైలజ నాయకులెవరూ లేని తన మొదటి డిజైన్‌ను ముందు పెట్టింది.

రాజారావు జాలిగా చూశాడు. “పెద్దామె. మెడల కండువా లేదు. పక్కన లీడర్లు లేరు. పేజీ నిండ ఫోటో. గసొంటిది శ్రద్ధాంజలిలనే పోతది. గట్ల వద్దంటే పుట్టినరోజుల పెట్టు. ప్రతాప్ సార్‌ది గీ నెలలనే గద.”

శైలజ రెండు నమూనాలు చేసుకుని షాపుకు వచ్చింది. అక్కడ ప్రతాప్, సిద్దమ్మ ఎదురుచూస్తున్నారు. మొదటిది ప్రతాప్ జన్మదిన శుభాకాంక్షలు: నాయకులందరూ ఉన్నారు. రెండోది శ్రద్ధాంజలి: పేజీ నిండా సిద్దమ్మ.

సిద్దమ్మ మొదటిదాని మీద వేలు పెట్టింది. “గిండ్ల నేను బతికున్ననా?”

“ఉన్నవ్ అవ్వా.”

“ఏడ?”

శైలజ మోచేయి వెనక చూపించింది.

“మరి గా దాంట్ల?”

“అండ్ల... పోయినవ్.”

సిద్దమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. “పోయినదాంట్లనే కళగ ఉన్న గదనే!” అని పెద్దగా నవ్వింది. “గదే ఎయ్యి బిడ్డా. పోయినట్టు వార్తొస్తే ఆయుష్షు పెరుగుతదంటరు.”

పెద్దామె కోరిక కాదంటే ఓట్లు పోతాయి కాబట్టి ప్రతాప్ ఠారెత్తిపోయాడు. “శ్రద్ధాంజలి అట్ట మీద నా ఫోటోనా? ముఖచిత్రం కూడ గట్లనే ఉండాలె అన్నడట గద రాజారావు! తియ్యి చెల్లె, జల్దీ తియ్యి!” కబురు పాకింది. మిగతా నాయకులు కూడా ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి తమ ఫోటోలు తీసేయమని వేడుకున్నారు. నాయకులు తమంతట తాము అట్ట మీద నుంచి దిగిపోవడం ఆ ప్రాంతంలో అదే మొదటిసారి. సిద్దమ్మ నవ్వు కుడి సగంతో సహా తిరిగొచ్చింది. రాజారావు ముద్ర వేశాడు.

పత్రిక బయటికొచ్చిన రోజు యాప్రాల్ నుంచి సిద్దమ్మ చెల్లెలు నర్సమ్మ, ఆటో నిండా చుట్టాలతో, ఊరి మొదట్లోనే శోకం ఎత్తుకుని వచ్చింది. వాకిట్లో ఉల్లిగడ్డలు కోస్తున్న అక్కను చూసి, పెట్టిన శోకం మధ్యలో ఆపలేక, ఆమెనే పట్టుకుని మిగతాది పూర్తి చేసింది.

“ఊకో, ఊకో. నేనే పోయిన. రా, చాయ్ తాగు” అంది సిద్దమ్మ.

చుట్టాలు చాయ్ తాగి, పాటలు పాడించుకుని, ఆ రోజు కూలి పోయిందని గొణుక్కుంటూనే నవ్వుకుంటూ వెళ్లారు. ఆల్బం మాత్రం అంటుకుంది. ట్రాక్టర్లలో, ఆటోల్లో, కల్లు దుకాణాల్లో ‘పాపం, పోయినామె పాట’ అని పెట్టుకుని విన్నారు. బతికున్న గొంతులో వాళ్లకు దొరకనిదేదో అందులో దొరికింది.

ప్రతాప్ ఆలోచించాడు. ఆవిష్కరణ సభకు రమ్మంటే ఏ నాయకుడికీ తీరిక దొరకలేదు. సంతాప సభ అనగానే అందరికీ దొరికింది.

“పటేలా, నేను బతికే ఉన్న గద” అంది సిద్దమ్మ ప్రతాప్‌తో.

“ఎవలు కాదన్నరు సిద్దమ్మా? గని హాలు బుక్కయింది.”

శామీర్‌పేటలో ఫంక్షన్ హాలు కిక్కిరిసింది. సిద్దమ్మ కొత్త చీర కట్టుకుని, శైలజను వెంటబెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న కార్యకర్త ఆపాడు.

“అమ్మా, నువ్వు ఎవరి తాలూకు?”

“పోయినామె తాలూకే బిడ్డా.”

“చుట్టాలకు ఆఖరు వరస.”

సభలో మౌనం పాటించమన్నారు. సిద్దమ్మ కూడా లేచి నిలబడింది. శైలజ వైపు చూసేసరికి నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే భుజాలు అదిరాయి. పక్కనున్న ఆడవాళ్లు ఆమె ఏడుస్తోందనుకుని వీపు నిమిరి ఓదార్చారు. దాంతో ఇంకా అదిరాయి.

చివరగా ప్రతాప్ మైకు అందుకున్నాడు. ఆఖరు వరసలో ఉన్న సిద్దమ్మను గుర్తుపట్టి, వినయంగా నమస్కారం పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“గీమె బతికున్నప్పుడు మనం ఎవ్వలం ఆమె విలువ గుర్తువట్టలేకపోయినం” అన్నాడు.

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా సిద్దమ్మే కొట్టింది.