మిరతక అన్న క్రియకు కర్త

పాలనిక అనే భాష అమల్లోకి వచ్చినప్పటి నుంచి ప్రభుత్వ కార్యాలయాల్లో తెలుగు మాట్లాడితే పెదవులు కదిలేవి గాని చప్పుడు వచ్చేది కాదు. నిపుణుల సంఘం కూర్చుని తయారుచేసిన ఆ కొత్త భాష ఒక్కటే లోపల వినిపించేది. జనం మొదట్లో గొంతుకేదో అడ్డుపడిందనుకుని దగ్గి చూశారు, తర్వాత అలవాటు పడ్డారు. గుమ్మం దాటితే తెలుగు మామూలుగానే పలికేది కాబట్టి ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు.

బొర్రంపేట మునిసిపాలిటీ వాళ్లు దాలినాయుడిని తాడూ ముసుగూ లేకుండా మ్యాన్‌హోల్‌లోకి దించారు. అతను వద్దన్నా వినలేదు. మంత్రిగారు ఆ వీధిన వస్తున్నారని తొందర. లోపలి విషవాయువుకు అతను అక్కడే పోయాడు.

అతని భార్య సన్యాసమ్మ ఫిర్యాదు చేయడానికి ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా ఆమె చేత "మిరుల" అని పలికించి, ఇక వెళ్లొచ్చని సైగ చేశాడు. 'మిర' అంటే చావు, 'ఉల' అంటే దానంతటదే జరగడం అని బయటికొచ్చాక ఎవరో చెప్పారు. వాన కురవడానికీ పండు రాలడానికీ అదే ప్రత్యయమట. సన్యాసమ్మకు ఒళ్లు మండిపోయింది.

వ్యాకరణాధికారి కామేశం భోజనం చేసి మెట్ల మీదికి వచ్చేదాకా కాపు కాసింది.

"మా ఇంటాయన పండు కాదు బాబూ, రాలిపోడానికి. సంపేసినారు. ఆ మాటేటో సెప్పండి."

కామేశం చెడ్డవాడు కాదు. ఓపిగ్గా వివరించాడు. 'ఉల' తీసేసి 'తక' చేరిస్తే మిరతక, అంటే చంపడం. అయితే అధికారులూ కాంట్రాక్టర్లూ పాలనికలో కర్తలు కాలేరు. వాళ్ల పేర్లకు ప్రథమా విభక్తి పెట్టలేదు.

"మరెవులు సంపినట్టు?"

"కర్త చోటు ఖాళీగా ఉంటే, పలికినవాళ్లే కర్త. సూత్రం మార్చమని అడగొచ్చమ్మా. కాని అడగడానికి కావలసిన మాట ఇంకా తయారు కాలేదు."

భర్తను పైకి లాగినప్పుడు అతని నోటి నిండా బురద. ఇంజనీరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, దారికి అడ్డంగా పడుకోబెట్టారని కసిరాడు. అది తలుచుకుని సన్యాసమ్మ లోపలికి నడిచింది. హాలు మధ్యలో నిలబడి మిరతక అంది. ఇంకా గట్టిగా, గోడలు అదిరేలా, మళ్లీ అంది. అందరికీ వినిపించింది. ఉచ్చారణ బాగుందని గుమాస్తా తలూపి, పోలీసులను పిలిచాడు. మొగుడిని చంపిన నేరం కింద ఆమెను తీసుకెళ్లారు.

జైలును పాలనిక పరిధిలో చేర్చడం ఎవరికీ అవసరమనిపించలేదు. అక్కడ ఎంత తెలుగు మాట్లాడినా అడ్డు లేదు. నాను సంపనేదని సన్యాసమ్మ గొంతు పోయేదాకా అరిచింది. కాపలావాళ్లు శ్రద్ధగా విన్నారు. ఆడవాళ్ల గది కిటకిటలాడుతోంది. ఒక పెద్దావిడ తన బొంత జరిపి చోటిచ్చింది.

"కూకో. నువ్వెవుల్ని?"

"మా ఇంటాయన్ని."

"నాను నా కూతుర్ని. కాన్పుకి పెద్దాసుపత్రికి తీసుకెళ్లి."

బడి గోడ కూలితే కొడుకులిద్దరినీ చంపిన ఆమె మూల నుంచి మంచినీళ్లు అందించింది. సన్యాసమ్మ తాగి, గోడకు ఆనుకుంది.

సాయంత్రం తలుపు తెరిచి మరో పిల్లను తోశారు. తను ఎవరినీ చంపలేదని ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. సన్యాసమ్మ కాళ్లు ముడుచుకుని కాస్త జరిగింది.

"రా తల్లీ. ఎవుల్ని సంపినావు?"