కాలిపోయిన నూట మూడు

ఆ ఉదయం బాలకోటయ్య పెట్టుకున్న పని ఒకటే. నాటకాలాడించే గోపాలకృష్ణయ్య టేపురికార్డరును పన్నెండింటి మాచర్ల బస్సు వేళకి పాడించాలి. అది పాడితేనే సాయంత్రం అక్కడ నాటకం.

నరసరావుపేటలో ఇరవయ్యేళ్లుగా రేడియోలు బాగుచేస్తున్న అతనికి కరెంటుని అదుపుచేసే రెసిస్టరంటే ఒంటిమీద రంగు గీతలున్న చిన్న గొట్టం. ఎనభై ఎనిమిదిలో కువైట్ నుంచి దిగిన ఈ జపాను సెట్టులో రెసిస్టర్లకి గీతలూ లేవు, కాళ్లూ లేవు. నువ్వుగింజంత నల్లటి ముక్కలు, వాటిమీద కంటికి ఆనని కొలత అంకెలు. అందులో ఒకటి మాడిపోయింది. బాలకోటయ్య వదిలే రకం కాదు. కంటికి భూతద్దం బిగించి, చెమటలు కారుతున్నా గంటసేపు చూశాడు.

"నూట మూడు!" అని అరిచాడు.

టిఫిను గిన్నెతో వచ్చిన భార్య గురవమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"నూట మూడా? ఎప్పట్నుంచయ్యా?"

"రాత్రి నుంచే అయ్యుంటది. చానా కాలిపోయింది."

"ఓరి దేవుడో! నాకు చెప్పలేదేంది?"

"చెబితే నువ్వేం చేస్తావే? ఇక ఇది పనికిరాదు. తీసి పారెయ్యాల్సిందే."

గురవమ్మ గిన్నె అక్కడే పడేసి, ఎదురు వీధిలోని ఆర్.ఎం.పి. డాక్టరు అంకారావు కోసం పరుగెత్తింది. ఈలోగా బాలకోటయ్య, నూట మూడుకి దగ్గరేలెమ్మని వంద ఓముల కొలత రెసిస్టరు అతికించి స్విచ్చి వేశాడు. సెట్టులోంచి పొగ లేచింది. గుమ్మంలోకి వచ్చిన ఇద్దరికీ అతని తల చుట్టూ పొగే కనిపించింది.

గురవమ్మ చెంబెడు నీళ్లు నెత్తిన కుమ్మరించింది. అంకారావు థర్మామీటరు నోట్లో కుక్కాడు. నోరు మూతపడినా బాలకోటయ్య చెయ్యి ఆగలేదు. స్విచ్చి తీసేసి, చెడిపోని మరో ముక్కని భూతద్దంలో చూశాడు. నాలుగు, ఏడు, మూడు. మీటరు పెడితే నలభై ఏడు వేల ఓములు చూపించింది. నలభై ఏడు పక్కన మూడు సున్నాలు! అంటే చివరి అంకె సున్నాల లెక్క. ఒకటి, సున్నా, మూడంటే పది పక్కన మూడు సున్నాలు.

థర్మామీటరు లాగేసి లేచి గంతేశాడు. "నూట మూడంటే నూట మూడు కాదే! పదివేలు!"

అంకారావు థర్మామీటరు చూశాడు. మనిషిని చూశాడు.

"జ్వరం లేదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "అయినా ఆలస్యం చెయ్యమాక. గుంటూరు తీసుకుపో. అక్కడ తలకి చూసే డాక్టర్లుంటారు."

బాలకోటయ్య ఇదేమీ వినలేదు. పాత రేడియోలోంచి పదివేల ఓముల రెసిస్టరు ఊడదీసి, కాళ్లు వంచి అతికించాడు. గోపాలకృష్ణయ్య లోపలికి అడుగుపెడుతుండగా సెట్టు ఖంగున పాడింది.

"చూశావటే? నూట మూడంటే పదివేలు!" అన్నాడు బాలకోటయ్య భార్యతో. ఎంత విడమరిచి చెబితే ఆమె అంత గట్టిగా ఏడ్చింది.

పన్నెండింటికి గోపాలకృష్ణయ్య సెట్టు చంకన పెట్టుకుని మాచర్ల బస్సెక్కాడు. పావుగంట తర్వాత దాన్ని బాగుచేసినవాణ్ణి గుంటూరు బస్సెక్కించారు.