కారణం: ఊరికే

మనిషి ఆకలేసినప్పుడు తింటాడన్నది పూర్వకాలపు మూఢనమ్మకం. నీటి సరఫరా కార్యాలయంలో ఈ నమ్మకాన్ని ఒక సోమవారం ఉదయం పదిన్నర నుంచి రద్దు చేశారు. సిబ్బంది క్షేమ విభాగం జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం ఉద్యోగి ఇకమీదట రెండే రకాలుగా తినగలడు. ఒకటి, పొట్ట అడిగితే. రెండు, మనసు అడిగితే. మొదటిదానికి మధ్యాహ్నం అరగంట ఎలాగూ ఉంది. రెండోదానికి ఏడో నంబరు పత్రం నింపాలి. (పక్కవాడు తింటున్నాడు కనక తినడం అనే మూడో రకాన్ని పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. అది ఇప్పటికి నాలుగుసార్లు సమావేశమై, నాలుగుసార్లూ బిస్కెట్లు తిని లేచింది.)

సర్క్యులర్ చదివి అందరూ నవ్వారు. రెండో కిటికీ మాత్రం నవ్వలేదు.

రెండో కిటికీ అంటే కిటికీ కాదు, మనిషి. ఫిర్యాదుల విభాగంలో ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ వెనకే కూర్చోవడం వల్ల ఆవిడ అసలు పేరు జీతం చీటీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఇప్పుడు కిటికీ అవతల ఎవరూ నిలబడరు, అందరూ ఫోన్లే చేస్తారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆవిడ బల్లకు మూడు సొరుగులు. పై సొరుగులో కలాలు, మధ్య సొరుగులో రిజిస్టర్లు, "పెండింగు" అని చీటీ అంటించిన కింది సొరుగులో చిప్స్ పొట్లాలు, క్రీము బిస్కెట్లు, చాక్లెట్లు. కార్యాలయం మొత్తం మీద పెండింగు ఏ రోజుకారోజు ఖాళీ అయ్యేది ఆ ఒక్క సొరుగులోనే.

అంతకు వారం ముందే డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "షుగర్ గట్టు మీద కూర్చుందమ్మా. ఇటు దిగుతుందో అటు దూకుతుందో మీ చేతుల్లోనే ఉంది. మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం" అంది. రెండో కిటికీకి అది నవ్వులాట కాదు. వాళ్ళమ్మకి ఆ జబ్బుతోనే చూపు పోయింది. ఆఖరి రోజుల్లో ఆవిడ కూతురి మొహం చేత్తో తడిమి, "చిక్కిపోయావేమే" అనేది. కూతురు చిక్కలేదు, అప్పటికే పన్నెండు కిలోలు పెరిగింది. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ ఆవిడకు భయం వేస్తుంది. భయం వేసినప్పుడల్లా కింది సొరుగు తెరుస్తుంది.

ఈ పథకాన్ని తెచ్చిన క్షేమాధికారి సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. "మేం మిమ్మల్ని దండించడానికి రాలేదమ్మా, అర్థం చేసుకోవడానికొచ్చాం" అంటూ కింది సొరుగులో ఉన్నదంతా స్వాధీనం చేసుకున్నాడు. రసీదిచ్చి, ఆ పొట్లాలను తన గదిలోని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇకమీదట ఎవరు ఏ పొట్లం కొన్నా, ముందు ఏడో నంబరు పత్రం నింపి, పక్క కిటికీవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని, ఆ తర్వాతే విప్పాలి. పత్రం లేని పొట్లం దొరికితే బీరువాలోకే.

ఏడో నంబరు పత్రం పూర్తి పేరు ఆహార హేతు పత్రం. అందులో ముప్ఫై ఒక్క గడులు. తినబోయే పదార్థం, సమయం, కరకర స్థాయి (స్వల్పం, మధ్యమం, పై అంతస్తుకు వినపడేంత), పొట్టలో గుడగుడ విన్న సాక్షి సంతకం. సాక్షి సర్వీసు మూడేళ్ళకు తగ్గకూడదు. ఇరవై మూడో గడి కారణం. దాని కింద నలభై ఒక్క కారణాలు అచ్చు వేశారు: కోపం, దిగులు, విసుగు, అధికారి, అత్తగారు, రాబోయే తనిఖీ, అయిపోయిన తనిఖీ, అలా. నలభై రెండోది ఇతరములు.

పత్రానికి తోడుగా ఒక యాప్ కూడా వచ్చింది. దాని పేరు "తిన్నారా?". మన భాషలో ఆ మాటంటే ప్రేమ. ఎవరైనా అడిగితే చాలు, సగం కడుపు నిండుతుంది. ఆ ప్రేమను క్షేమ విభాగం పావుగంటకోసారి మోగేలా, ఎవరు సీట్లో ఉన్నారో లేరో కూడా లెక్క రాసేలా ఏర్పాటు చేసింది. అంతవరకు తలొంచుకుని పని చేసుకుంటున్నవాళ్ళకు కూడా దాంతో తిండి గుర్తుకొచ్చింది. మొదటివారం చిరుతిళ్ళ వాడకం మూడింతలైంది. దీన్ని క్షేమాధికారి "సిబ్బందిలో అవగాహన పెరిగింది" అని రాసుకున్నాడు.

మంగళవారం రెండో కిటికీ పత్రం పట్టుకుని పక్కకు తిరిగింది. మొదటి కిటికీలో కూర్చునేది రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన. ఆవిడ బాబాయ్ అంటుంది.

"బాబాయ్, ఇక్కడో సంతకం పడెయ్."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "కారణం రాయలేదేంటమ్మాయ్?"

"నలభై ఒకటీ చదివాను. అందులో ఏదీ నాది కాదు. కోపం లేదు, దిగులు లేదు. అత్తగారు పోయి ఆరేళ్ళయింది."

"మరెందుకు తింటున్నావ్?"

"ఏమో... ఊరికే."

"ఐతే అదే రాసెయ్. అబద్ధం ఎందుకు?"

ఆవిడ ఇతరములు అన్నచోట "ఊరికే" అని రాసింది. అది చూసి మూడో కిటికీ రాసింది. మూడో కిటికీని చూసి బిల్లుల విభాగం రాసింది. నెల తిరిగేసరికి తొంభై ఒక్క శాతం పత్రాల్లో అదే మాట. నలభై ఒక్క కారణాలను కష్టపడి పోగుచేసిన నిపుణుల బృందం మనసు కష్టపెట్టుకుంది. (బృందం ఆ సాయంత్రం కేకు తెప్పించుకుందని వినికిడి.)

నెలవారీ నివేదిక పై అంతస్తులోని నిఘా విభాగానికి వెళ్ళింది. అక్కడి నిఘా అధికారి మాటలను వాటి ముఖవిలువకే తీసుకునే మనిషి. "సిబ్బందిలో తొంభై ఒక్క శాతం ఊరికే తింటున్నారు" అన్న వాక్యం దగ్గర ఆయన ఆగి, ఎర్ర సిరాతో గీత గీశాడు. ఊరికే తింటున్నారంటే డబ్బివ్వకుండా తింటున్నారనేగా! ఇంతమందికి ఊరికే తినిపిస్తున్న మహానుభావుడెవరు? ఏ పని చేయించుకోవడానికి తినిపిస్తున్నాడు? వెంటనే విచారణకు ఉత్తర్వులు వెలువడ్డాయి. జాబితాలో మొదటిపేరు రెండో కిటికీ. ఒక్క నెలలో ఎనభై ఏడుసార్లు.

విచారణ గదిలో పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు, ఒక నీళ్ళ కూజా ఉన్నాయి. కూజాలో నీళ్ళు లేవు. (ఫిర్యాదు నమోదై ఉంది.)

"ఎనభై ఏడుసార్లు ఊరికే తిన్నానని మీరే రాసిచ్చారు. ఎవరు పెట్టారు?" అన్నాడు నిఘా అధికారి.

"ఎవరూ పెట్టలేదండీ. నేనే కొనుక్కున్నాను."

"కొనుక్కుంటే ఊరికే ఎలా అవుతుంది?"

"ఊరికే అంటే ఆ ఊరికే కాదండీ. ఇది ఉత్తి ఊరికే."

ఆయన రాసుకుని, గొంతు తగ్గించాడు. "పోనీ, ఊరికే అంటే మీ ఊరికా? ఇక్కణ్ణుంచి ఊరికి సరుకు తరలిస్తున్నారా?"

రెండో కిటికీకి ఏ తప్పూ చేయకపోయినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవాలనిపించింది. అంతకంటే గట్టిగా, ఉప్పటి చిప్స్ నాలుగు గుప్పిళ్ళు నోట్లో కుక్కుకోవాలనిపించింది.

మాట అర్థం తేలక విచారణ మర్నాటికి వాయిదా పడింది. మర్నాడు నిపుణుడి సాక్ష్యం కోసం ఒక రిటైరైన తెలుగు మాస్టారిని పిలిపించారు. మాస్టారు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, తరగతిలో చెప్పినట్టే చెప్పారు. "ఊరికే అంటే వెల లేకుండా. కారణం లేకుండా. పని లేకుండా. మాటిమాటికీ. ఊరికే ఉండటమంటే నోరు మూసుకుని ఉండటం. ఇన్ని అర్థాలున్న మాటను గడిలో రాయించుకోవడం మీదే తప్పు."

తర్వాత ఆయన ఆవిడవైపు తిరిగారు. రెండు నెలల్లో ఎవరూ వేయని ప్రశ్న ఆయన వేశారు. "అమ్మా, ఊరికే అని రాసే ముందు ప్రతిసారీ ఏం జరిగింది?"

"ఏమీ జరగదండీ. ఫోన్ పెట్టేస్తాను, అంతే."

"ఆ ఫోన్లు ఎక్కడైనా రాస్తారా?"

రాస్తారు. ఫిర్యాదుల రిజిస్టరు తెప్పించారు. మాస్టారు ఒక చేత్తో పత్రాలు, ఇంకో చేత్తో రిజిస్టరు పట్టుకుని సమయాలు చదవడం మొదలుపెట్టారు. ఫోన్ పదకొండూ ఇరవై, పత్రం పదకొండూ ఇరవై ఒకటి. పన్నెండూ ఐదు, పన్నెండూ ఆరు. ఎనభై ఏడు పత్రాలకూ ఎనభై ఏడు ఫోన్లు జతపడ్డాయి. ప్రతి ఫోన్ ఎదురుగా ఆఖరి గడిలో ఆవిడ దస్తూరీలో ఒకటే వాక్యం: "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం."

గదిలో అందరూ మామూలుగానే ఉన్నారు. రెండో కిటికీ మాత్రం ఆ గడి మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఆ వాక్యం ఎక్కడికి పోతుందో ఆవిడకు తెలుసు. మూడో అంతస్తులో ఒక గదికి పోతుంది, ఆ గదికి మనిషిని వేయక నాలుగేళ్ళయింది. తొమ్మిది రోజులుగా కుళాయి రాని ముసలాయన "మా ఆవిడ మంచంలో ఉందమ్మా, నువ్వైనా ఏదో ఒకటి చెయ్యి" అంటే ఆవిడ ఆ వాక్యమే చెప్పింది. పసిపిల్ల తల్లి ఏడిస్తే ఆ వాక్యమే చెప్పింది. చెప్పాక గొంతులో ఏదో అడ్డం పడుతుంది. దాన్ని కిందికి తోయడానికి చిప్స్ కావలసి వచ్చేవి. ఇన్నాళ్ళూ తనది తిండియావ అనుకుని తనను తానే తిట్టుకుంది. ఆవిడకు ఏడుపొచ్చింది, విచారణ గది కదా అని ఆపుకుంది.

విచారణ సంఘం తీర్పు త్వరగానే వచ్చింది. లంచం రుజువు కాలేదు. సిబ్బందిలో అత్యధికులు ఒకే కారణం రాస్తున్నందువల్ల, సిరా, సమయం ఆదా చేసే నిమిత్తం, ఇకమీదట ఇరవై మూడో గడిలో "ఊరికే" అని ముందే అచ్చు వేయించి ఇవ్వాలి. మాస్టారి ప్రశ్న తీర్పులో ఎక్కడా లేదు. నివేదికలో దానికి గడి లేదు మరి.

రెండో కిటికీ తన తీర్పు తనే రాసుకుంది. ఆ వాక్యం చెప్పి ఫోన్ పెట్టేయగానే లేచి నిలబడాలి. మెట్ల దాకా నడవాలి. పది నిమిషాలు తిరగాలి. అప్పటికీ కావాలనిపిస్తే తినొచ్చు, ఎవరూ వద్దనరు. మొదటిరోజు ఆరుసార్లు లేచింది, నాలుగుసార్లు తింది. రెండోరోజు లేవనే లేదు, పొట్లం పొట్లమంతా లాగించేసి తనమీద తనే విసుక్కుంది. మూడోరోజు బాబాయ్ కూడా వెంట నడిచాడు.

"ఏమన్నారమ్మాయ్ ఇందాకటి ఫోన్లో?"

"'నీకూ ఒక కూతురుంటే తెలిసేది' అన్నాడు, బాబాయ్."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? అదే వాక్యం." మెట్ల మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. "నాకుంది బాబాయ్ కూతురు. అదైనా చెప్పుండాల్సింది."

చెప్పేసిన మాట గొంతులో అడ్డం పడదని ఆవిడకు నెమ్మదిగా తెలిసొచ్చింది. ఎనిమిది నిమిషాలు దాటితే కోరిక కూడా మెట్లెక్కలేక ఆయాసపడి వెనకే ఆగిపోయేది. ఒకసారి నేరుగా కుళాయి మేస్త్రీకి ఫోన్ చేసి బతిమాలి, ముసలాయన ఇంటికి పంపించింది కూడా. ఆరోజు సొరుగువైపు చూడనే లేదు.

మూడో నెల చివర డాక్టరమ్మ కొత్త కాగితం చూసి, "గట్టు దిగింది, ఇటువైపే. ఏం చేశారేంటి?" అంది.

"ఊరికే తిరిగానండీ" అంది రెండో కిటికీ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ కాగితం సంచీలో పెట్టుకుని కార్యాలయానికి వచ్చేసరికి బల్లమీద మెమో ఉంది. "తిన్నారా?" యాప్ లెక్క ప్రకారం ఆవిడ ముప్ఫై నాలుగు రోజులుగా పదేపదే సీటు వదిలి, ఏమీ తినకుండానే తిరిగి వస్తోంది. తినడం కోసం సీటు వదలడానికి నిబంధనల్లో వీలుంది. తినకుండా వదలడానికి లేదు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఆవిడ కాగితం, మెమో రెండూ పట్టుకుని నేరుగా క్షేమాధికారి గదికి వెళ్ళింది. ఆయన పైనుంచి వచ్చిన ఫోన్ అప్పుడే పెట్టేసి, చెవి ఎర్రగా ఉండగా కూర్చున్నాడు.

"సార్, షుగర్ తగ్గింది. ఇదుగోండి కాగితం. నాకింకేం వద్దు, కష్టమైన ఫోన్ తర్వాత పది నిమిషాలు లేవనివ్వండి. నాకొక్కదానికే కాదు, ఆ కిటికీల్లో కూర్చునే అందరికీ. నేను మళ్ళీ ఆ సొరుగు దగ్గరికి వెళ్ళలేను సార్. మా అమ్మకి జరిగింది నాకు జరగకూడదు."

ఆయన కాగితం మొత్తం చదివాడు. నిజంగానే సంతోషించాడు. "చాలా మంచి మాటమ్మా. పథకం ఫలించిందన్నమాట" అన్నాడు. తర్వాత మెమో చదివాడు. పై అంతస్తువైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ విన్నపం నమోదు చేసుకున్నామమ్మా" అన్నాడు.

అనగానే ఆయన చెయ్యి, ఆయన ప్రమేయం లేనట్టుగా, పక్కనున్న బీరువాలోకి వెళ్ళింది. తాళం తీసే ఉంది. లోపల ఆవిడ పొట్లాలు, మూడో కిటికీ పొట్లాలు, బిల్లుల విభాగం పొట్లాలు, అన్నీ చదునుగా, ఖాళీగా, రసీదులతో సహా దొంతర పేర్చి ఉన్నాయి. మిగిలింది రెండే. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకోవడం అంటే ఏమిటో ఆవిడకు ఆ క్షణాన అర్థమైంది. కోపమంతా జారిపోయి జాలేసింది.

"లేవండి సార్" అంది మెల్లగా. "మెట్ల దాకా వెళ్ళొద్దాం. పదే పది నిమిషాలు."

ఆయన ఆశగా కుర్చీలోంచి సగం లేచాడు. అంతలోనే కూర్చున్నాడు.

"మీకైతే నేను ఇవ్వొచ్చమ్మా అనుమతి. నాకెవరిస్తారు?"

అని ఏడో నంబరు పత్రం ఒకటి ముందుకు లాక్కుని, పొట్లం విప్పాడు. కారణం గడి ముందే అచ్చయి ఉంది కాబట్టి, కలం తీయాల్సిన పని కూడా లేకపోయింది.